టోపీ పెట్టుకున్నవాళ్ళు

మా మరిది తన పాత లారీకి కొత్త బాడీ కట్టిస్తున్నాడు. "వదినా, పని పెయింటింగు దాకా వచ్చింది. ఒకసారి వచ్చి చూడు. ఎలాగూ నవలలు రాస్తావుగా, వెనక డోరు మీద ఏం రాయించాలో కూడా నువ్వే చెప్పాలి" అన్నాడు. ఏడు నవలలు రాశాను గాని ఏ పబ్లిషరూ నన్ను ఇంత గౌరవంగా పిలిచిన పాపాన పోలేదు. వెంటనే ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్ళాను.

బెజవాడ వాళ్ళకి ఆటోనగర్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బందరు రోడ్డు మీద పటమట దాటి లోపలికి తిరగ్గానే మనుషుల మాటలు ఆగిపోయి సుత్తుల మాటలు మొదలవుతాయి. వరసగా షెడ్లు. ఒకదాంట్లో రేకు కోస్తుంటారు, ఇంకోదాంట్లో వెల్డింగు నిప్పులు రాలుతుంటాయి, మూడోదాంట్లో లారీ తన ఎముకలన్నీ బయటపెట్టుకుని నిలబడి ఉంటుంది. ఇక్కడికి ముక్కలుగా వచ్చిన బండి పెళ్ళికొడుకులా బయటికి వెళ్తుంది.

మా వాడి పెళ్ళికొడుకుకి బొట్టు పెడుతున్నది అరవై దాటిన ఒక సాయిబుగారు. చేతిలో బ్రష్షు, నెత్తిన తెల్లటి జాలీ టోపీ, ఆ టోపీ మీద నలభై ఏళ్ళ లారీల రంగులు చుక్కలు చుక్కలుగా. మా మరిది ఇంటిల్లిపాదీ సూపర్‌స్టార్ కృష్ణ అభిమానులు. అందుకని వెనక డోరు మీద "మోసగాళ్ళకు మోసగాడు" కృష్ణగారిని కౌబాయ్ టోపీతో సహా వేయమన్నాడు. సాయిబుగారు సెల్‌ఫోన్లో ఫొటో పెట్టుకుని, ఒకసారి దాన్నీ ఒకసారి డోరునీ చూస్తూ గీస్తున్నారు. మొహం వచ్చింది, మెడకి కట్టిన గుడ్డ వచ్చింది. టోపీ దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఫొటోలో ఉన్నట్టు గీయలేదు. రెండు వేళ్ళ మందాన వెనక్కి జరిపి గీశారు.

"ఫొటోలో అలా లేదుగా భాయ్?" అన్నాడు మా మరిది.

"ఫొటోలో టోపీ కళ్ళ మీదకొచ్చేసిందండీ. వెనకాల కార్లో వచ్చేవాడు ఎవర్ని చూడాల? టోపీనా, కృష్ణగారినా? కళ్ళు కనబడకపోతే బొమ్మ నిద్రపోయినట్టుంటది."

నాకు ఆయన మాట భలే నచ్చింది. "మరి ఆ ఫొటో తీసిన రోజున ఈ సంగతి ఎవరూ చెప్పలేదంటారా?" అనడిగాను.

ఆయన బ్రష్షు టర్పెంటైన్లో ముంచి, నా వైపు జాలిగా చూసి అన్నారు. "హీరోగారికి ఎవరు చెప్తారమ్మా?"

రంగు ఆరడానికి రెండు గంటలు పట్టింది. ఎదురుగా వేపచెట్టు, చెట్టు కింద పాత టైరు, టైరు మీద నేను, చేతిలో టీ గ్లాసు. ఆ రెండు గంటల్లో, టోపీ నప్పని మహానుభావులందరినీ ఒక్కొక్కరినే పిలిచి ఆ చెట్టు కింద నిలబెట్టాను. ఎవరి టోపీ ఎందుకు బాగోలేదో తేల్చాలని కూర్చున్నాను. అలా తయారైందే ఈ వ్యాసం.

ముందు నా నేరం నేనే ఒప్పుకుంటాను. మా పెళ్ళయిన కొత్తలో ఊటీ వెళ్ళాం. అక్కడ సరస్సు గట్టున అద్దెకి టోపీ ఇచ్చి ఫొటో తీసేవాడు ఒకడున్నాడు. ఆ ఫొటోలో నేను పట్టుచీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకుని, వాటన్నిటి మీదా ఎర్ర రిబ్బను గడ్డి టోపీ పెట్టుకుని నవ్వుతున్నాను. మీ ఇంటి ఆల్బంలో కూడా ఇలాంటి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి. పూలజడ ఒక వైపుకి లాగుతుంది, టోపీ ఇంకో వైపుకి జారుతుంది. ఒకే తల మీద ఇద్దరు అద్దెకుంటే ఇంతే. కాబట్టి ఈ విషయంలో నేను మడికట్టుకున్న విమర్శకురాలిని కాను.

సరే, అసలు విషయానికొద్దాం. టోపీ నప్పలేదని మనవాళ్ళలో మొట్టమొదట బాధపడిన ప్రముఖుడెవరో తెలుసా? శ్రీనాథ మహాకవి. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభకి వెళ్ళి, అక్కడి పద్ధతి ప్రకారం కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందనీ, పెద్ద చొక్కా తొడుక్కోవాల్సి వచ్చిందనీ, వెల్లుల్లి కలిపిన తిండి తినాల్సి వచ్చిందనీ సణుక్కుంటూ చెప్పిన చాటువొకటి ఆయన పేరు మీద ప్రచారంలో ఉంది. కుళ్ళాయి అంటే తల మీద నిటారుగా నిలబడే పొడుగాటి టోపీ. లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మల్లో మగవాళ్ళ తలల మీద ఇప్పటికీ చూడొచ్చు. తిరుమలలో ఇద్దరు దేవేరుల మధ్య చేతులు జోడించి నిలుచున్న శ్రీకృష్ణదేవరాయల విగ్రహానికీ అదే. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా రాయలవారి జరీ టోపీని ప్రత్యేకంగా చూసి, శిరస్త్రాణంతో పోల్చి రాసుకున్నాడు.

ఇంతకీ అదే కుళ్ళాయి రాయలవారికి నప్పింది, కవిగారికి నప్పలేదు. ఎందుకంటారా? రాయలవారు ఆ టోపీ కిందే పెరిగారు. కవిగారికి అది సభలో అడుగుపెట్టడానికి కొన్న టిక్కెట్టు. ఒకరు మనసొప్పి పెట్టుకున్న టోపీకీ, పనికోసం పెట్టుకున్న టోపీకీ తేడా మెడ దగ్గర తెలిసిపోతుంది. పనికోసం పెట్టుకున్నవాడి మెడ బిగుసుకుంటుంది. అయితే ఒక మాట. శ్రీనాథుడు తన టోపీ బాగోలేదని తనే చెప్పుకున్నాడు. తన అవస్థని తనే హాస్యం చేసుకున్నాడు. అందుకని ఆయన్ని చెట్టు కింద ఎక్కువసేపు నిలబెట్టకుండా పంపించేశాను.

తర్వాత వచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1937 ఫిబ్రవరిలో టైం పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ఆయన బొమ్మ అట్ట మీద వేసింది. అటువంటి మనిషి ఏళ్ళ తరబడి ఒకే పాత కుచ్చుటోపీ, చెమట మరకలతో సహా, పెట్టుకు తిరిగేవారని హైదరాబాదులో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ టోపీ పుట్టిల్లు తుర్కీ అంటారు. అక్కడ కమాల్ పాషా 1925లో చట్టం చేసి మరీ దాన్ని తీయించేశాడు. ఇక్కడ మన నిజాం మాత్రం 1931లో తుర్కీ రాజవంశపు అమ్మాయిలని పెద్ద కొడుకులిద్దరికీ కోడళ్ళుగా తెచ్చుకుని, టోపీని కూడా అలాగే నిలబెట్టుకున్నాడు. పుట్టింటి వాళ్ళు వదిలేసిన ఆడపడుచుని అత్తింటివాళ్ళు ఆదరించినట్టు.

మన భాషలో "కుచ్చుటోపీ పెట్టాడు" అంటే నమ్మించి ముంచాడని అర్థం. ఆ మాట ఎలా పుట్టిందో పండితులు చూసుకుంటారు. నాకు మాత్రం నిజాం పాత టోపీ చూస్తే వేరే సంగతి తోస్తుంది. డబ్బులేనివాడి నెత్తిన మాసిన టోపీ ఉంటే మనం పేదరికం అంటాం, పిసినారి నెత్తిన ఉంటే వింత అంటాం, ప్రభువు నెత్తిన ఉంటే నిరాడంబరం అంటాం. టోపీ ఒకటే, కింద ఉన్న తలని బట్టి దాని పేరు మారిపోతోంది. "హుజూర్, ఇది ఉతికించాలి" అని చెప్పగల మొనగాడు ఆ కొలువులో ఎవడుంటాడు? సాయిబుగారి మాట మళ్ళీ గుర్తొచ్చింది. హీరోగారికే చెప్పలేనప్పుడు నిజాంగారికి ఎవరు చెప్తారు?

ఇప్పుడు మా కృష్ణా జిల్లా మనిషి దగ్గరికి వస్తున్నాను. నిమ్మకూరులో పుట్టి, బెజవాడ ఎస్సారార్ కాలేజీలో చదువుకున్న నందమూరి తారక రామారావుగారు. తల మీద ఏదో ఒకటి పెట్టుకుని ఆయన మోసినన్ని బరువులు తెలుగునాట ఇంకెవరూ మోయలేదు. "దానవీరశూరకర్ణ" (1977) మళ్ళీ ఒకసారి చూడండి. కర్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే, కృష్ణుడూ ఆయనే, దర్శకుడూ ఆయనే. ఒకే తల, మూడు కిరీటాలు. కృష్ణుడి కిరీటం కింద తల కాస్త పక్కకి వాలి ఉంటుంది, చిరునవ్వుకి చోటిస్తూ. దుర్యోధనుడి కిరీటం కింద అదే తల గడ్డం పైకెత్తి ఉంటుంది, ఎదుటివాడిని కిందకి చూస్తూ. కిరీటం మారగానే మెడ మారింది. మెడ మారగానే మనిషి మారాడు. నటనంటే అదీ అనిపిస్తుంది.

ఆయనే డెబ్భైల సాంఘిక చిత్రాల్లో రంగు ప్యాంట్లకి జోడీగా టోపీ పెడితే మాత్రం నాకు ఎప్పుడూ నప్పినట్టు అనిపించలేదు. కారణం ఇదీ అనుకుంటాను. కిరీటానికి బరువుంది. అది తలని నిటారుగా ఉంచుతుంది, పడిపోకుండా చూసుకోమని నటుడికి క్షణక్షణం చెప్తుంది. గుడ్డ టోపీకి బరువు లేదు. అది ఏమీ చెప్పదు. దేవుడి కిరీటం మోసిన తల మీద అది చుట్టపుచూపుగా వచ్చి వాలిన పిట్టలా ఉంటుంది. దానికి తోడు ఆ రోజుల్లో మన సినిమా హీరోల టోపీలకి ఇంకో శత్రువు ఉంది. అదే విగ్గు. జుట్టు మీద పెట్టిన టోపీ కిందకి దిగి కూర్చుంటుంది. విగ్గు మీద పెట్టిన టోపీ కూర్చోదు, తేలుతుంది. తాటిబెల్లం కుండ మీద మూత సరిపోకపోతే ఎలా ఉంటుందో అలా.

రాజకీయాల్లోకి వచ్చి ముఖ్యమంత్రి అయ్యాక, ఎనభైల్లో, ఆయన కాషాయ వస్త్రాలు కట్టి కాషాయ తలపాగా చుట్టిన రోజులున్నాయి. పత్రికలవాళ్ళు కార్టూన్లు వేసుకున్నారు, చదువుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. నేనప్పుడు చిన్నపిల్లని. మా ఊళ్ళో ముసలమ్మలు మాత్రం నవ్వలేదు. వాళ్ళకి అది ఇంకో కిరీటం, అంతే. అయినా విమర్శకురాలిగా ఒక మాట అనకుండా ఉండలేను. సినిమాలో కిరీటం పెట్టినప్పుడు ఎదురుగా కెమెరా ఉంటుంది. "కట్" అనేవాడు ఒకడుంటాడు. అధికారంలో ఆ మాట అనేవాడు ఉండడు. పాగా బాగుందా బాగోలేదా అన్నది కాదు, బాగోలేకపోతే చెప్పేవాడు ఉన్నాడా అన్నదే నా ప్రశ్న.

పక్క రాష్ట్రంలో ఎం.జి.ఆర్.గారి తెల్లటి బొచ్చు టోపీ కూడా ఇలాంటిదే. మద్రాసు ఎండలో, మే నెలలో, బొచ్చు టోపీ! పల్చబడ్డ జుట్టు దాచుకోవడానికే అని అందరూ అనుకునేవారు. 1987 డిసెంబరులో ఆయన చనిపోయినప్పుడు కడసారి చూపుకి ఉంచిన దేహం మీద కూడా ఆ టోపీ, ఆ నల్లకళ్ళద్దాలూ అలాగే ఉన్నాయి. ఆ ఫొటో చూసినప్పుడల్లా నవ్వు రాదు, జాలేస్తుంది. లక్షలమంది ప్రాణం పెట్టిన మనిషికి, బట్టతలతో కూడా మీరు మాకు ఇష్టమే అని ఒక్కరూ చెప్పలేదన్నమాట. లేదా చెప్పినా ఆయన నమ్మలేదన్నమాట. రెండింట్లో ఏది నిజమైనా విచారమే.

పేరుపొందిన వాళ్ళలో టోపీ విషయం తమకి తామే తేల్చుకున్నవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. గాంధీగారు. 1921 మార్చి ఆఖర్లో బెజవాడలో కాంగ్రెసు సమావేశానికి వచ్చేనాటికి ఆయన టోపీ పెట్టుకునే మనిషే. ఆ ఏడాది సెప్టెంబరులో మదురైలో కొల్లాయి కట్టుకున్నాక చొక్కాతో పాటు టోపీకి కూడా సెలవు చెప్పేశారు. ఆ తర్వాత దేశమంతా "గాంధీ టోపీ" పెట్టుకుంది, ఒక్క గాంధీగారు తప్ప. ఇది నాకు అక్కర్లేదు అని తన తలకి తనే చెప్పుకోగలిగినవాడికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. మిగిలినవాళ్ళకి మాత్రం ఎవరో ఒకరు కావాలి.

ఇక మా మరిది లారీ డోరు మీది టోపీ. కౌబాయ్ టోపీ అమెరికాలో ముచ్చటకి పుట్టలేదు. 1865లో స్టెట్సన్ అనే ఆయన పశువులు కాసేవాళ్ళ కోసం వెడల్పు అంచు టోపీ తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఎండ కాయకుండా, వాన కారకుండా. మన డెల్టాలో నాట్లు వేసే కూలీలు వానలో నెత్తిన పెట్టుకునే తాటాకు గిడుగు చేసే పనే అదీ చేసింది. నడినెత్తిన పడిన సొట్టలు కూడా మొదట ఫ్యాషనుకి పెట్టినవి కావు, పదేపదే పట్టుకుని తీయడం వల్ల పడ్డవి. పని చేసి చేసి వచ్చిన అందం అది.

కృష్ణగారు 1971లో సొంత సంస్థ పద్మాలయా మీద "మోసగాళ్ళకు మోసగాడు" తీశారు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రాసింది ఆరుద్ర. రాజస్థాన్ ఇసకలోకి గుర్రాలతో వెళ్ళి, తెలుగువాళ్ళకి మొదటి కౌబాయ్‌ని చూపించారు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే, అప్పటికి ముప్ఫై నిండని ఆయనది గుండ్రటి, మెత్తటి మొహం. అంత పెద్ద అంచు టోపీ కింద కొన్ని చోట్ల, నాన్న టోపీ పెట్టుకున్న పిల్లాడిలా ఉంటారు. మరి అంత బాగా ఎలా ఆడింది? ఆయన ఆ టోపీని చూసి ఒక్కసారి కూడా సిగ్గుపడలేదు. "నేను తెనాలి పక్కన బుర్రిపాలెం వాణ్ణి, నా నెత్తిన ఇదేమిటి" అన్న అనుమానం సినిమా మొత్తం మీద ఆయన మొహంలో ఎక్కడా కనబడదు. నటుడికి లేని అనుమానం ప్రేక్షకుడికెందుకు? ధైర్యంతో సగం టోపీ నప్పుతుంది. మిగతా సగం సాయిబుగారిలాంటి వాళ్ళు సర్దుతారు.

తర్వాత వచ్చినవాళ్ళకి ఆ సౌకర్యం లేదు. 1990లో "కొదమ సింహం"లో చిరంజీవిగారు అదే టోపీ పెట్టారు. అప్పటికి ఆయన ఎంత ఊపులో ఉన్నారో చెప్పక్కర్లేదు. కానీ చిరంజీవిగారి ఆస్తి ఆయన కళ్ళు, రెండో ఆస్తి డాన్సు. టోపీ ఈ రెండింటికీ పడదు. అంచు కళ్ళకి నీడ వేస్తుంది, వేగంగా తిరిగే తలకి టోపీ కాపలా కాయాల్సిన వస్తువైపోతుంది. గడ్డం, గుర్రం, తుపాకీ ఆయనకి నప్పాయి. టోపీని మాత్రం ఆయన మోశారు.

2002లో "టక్కరి దొంగ"తో కృష్ణగారబ్బాయి మహేష్‌బాబుగారి వంతు వచ్చింది. తండ్రి టోపీ ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత కొడుకు నెత్తికెక్కింది. మొహం టోపీకి తగ్గ మొహమే, నీడ కూడా అందంగానే పడింది. వచ్చిన చిక్కల్లా టోపీ పెట్టెలోంచి అప్పుడే తీసినట్టుండటం. దుమ్ములో దొంగతనాలు చేసుకుని బతికే వాడి టోపీకి చెమట మరకైనా ఉండొద్దా? నిజాంగారి టోపీ మీద మరకలు ఎక్కువై బాగోలేదు, ఇక్కడ తక్కువై బాగోలేదు. పని చేయని టోపీ ఎంత ఖరీదైనా అలంకారమే.

ఇంతవరకూ రాసి, చాలా తెలివిగా రాశాననుకుని, టీ గ్లాసు కింద పెట్టాను. అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. అక్కడితో ఆగిపోతే నేను మంచి విమర్శకురాలినే గాని మంచి కూతుర్ని కాను.

మా నాన్న కూడా లారీ బాడీలు కట్టే మనిషే. 1971లో ఆయనకి ఇరవై ఏళ్ళు, ఒక మేస్త్రి కింద పని నేర్చుకుంటున్నాడు. ఆ సినిమా ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు. వారం కూలి డబ్బులు మొత్తం పోసి, అలాంటి టోపీ ఒకటి కొన్నాడు. స్టూడియోకి వెళ్ళి ఫొటో తీయించుకున్నాడు. మర్నాడు ఆ టోపీతోనే పనిలోకి వెళ్ళాడు. "రేకులు మోసేవాడికి టోపీ ఏంట్రా, దించు" అన్నాట్ట మేస్త్రి, పదిమంది ముందు. షెడ్డంతా నవ్విందిట. నాన్న దించాడు. మళ్ళీ పెట్టలేదు.

ఈ కథ నాకు చిన్నప్పట్నించీ తెలుసు. మా ఇంట్లో అదొక పాత జోకు. నా మొదటి నవలలో హాస్యం చాల్లేదని ఎడిటరుగారంటే, కౌబాయ్ టోపీ పెట్టుకుని పనికి వెళ్ళే కుర్రాణ్ణొకణ్ణి సృష్టించాను. పాఠకులు బాగా నవ్వారు, ఉత్తరాలు కూడా వచ్చాయి. నాన్న పుస్తకం మొత్తం చదివాడు. ఆయన కూలి డబ్బుతో బి.ఏ. చదివి, ఆయన్నే హాస్యపాత్ర చేసి రాసిన పుస్తకం. చదివి, కళ్ళజోడు తీసి, "బాగుందమ్మా. ఆ టోపీ కుర్రాడే కాస్త పాపం" అన్నాడు. అంతే. నేను దాన్ని పొగడ్త కిందే జమ వేసుకున్నాను.

2022 నవంబరులో కృష్ణగారు పోయారు. మరుసటి ఏడాది మే 31న, ఆయన పుట్టినరోజుకి, ఆ సినిమాని కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు. నాన్నని తీసుకెళ్ళాను. హాల్లో కుర్రాళ్ళు కాగితాలు చించి ఎగరేస్తున్నారు, ఈలలు. తెర మీద ఆ టోపీ కనబడగానే చీకట్లో నాన్న చెయ్యి ఎందుకో తన బట్టతల మీదకి వెళ్ళింది, లేని టోపీని కొంచెం సర్దుకుంటున్నట్టు. నాకు గొంతు పట్టేసింది. ఆ కుర్రాడు ఎందుకు "పాపం" అయ్యాడో నాకు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా అర్థమైంది.

వేపచెట్టు కింద కూర్చుని నేను తేల్చుకున్న సంగతి ఇదీ. పెద్దవాళ్ళ టోపీలు బాగోకపోవడానికి కారణం వాళ్ళ తలలూ కాదు, ఆ టోపీలూ కాదు. బాగోలేదని చెప్పే నోరు వాళ్ళ చుట్టూ లేకపోవడం. అద్దాలు బోలెడుంటాయి, మనుషులుండరు. మరి చిన్నవాడి నెత్తిన టోపీ ఉంటే? షెడ్డు షెడ్డంతా నోళ్ళే. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పం, ఎవరికి చెప్పకూడదో వాళ్ళకి పదిమందిలో చెప్తాం. మేస్త్రి చేసిందీ అదే, నా నవలలో నేను చేసిందీ అదే. విమర్శ అనేది పైకి ఎక్కాల్సిన నిచ్చెన. దాన్ని కిందకి జారవిడిస్తే ఎవడి నెత్తినో పడుతుంది.

చెప్పడంలో కూడా పద్ధతి ఉంది. నేను ఇలా ఆలోచిస్తుండగానే షెడ్డులో గొడవ. క్యాబిన్ నెత్తిన కట్టే చెక్క కిరీటం ఇంకో అడుగు ఎత్తు పెంచమని మా మరిది పట్టు. ఇప్పటి మేస్త్రి ఒప్పుకోవడం లేదు. "పెంచుతానండీ, నాదేం పోయింది? ఎదురుగాలంతా దానికే తగిలి బండి డీజిలు తాగుద్ది. అప్పుడు నన్ను తిట్టుకుంటారు. ఈ బండికి ఇదే అందం" అన్నాడు. అంతా మా మరిదిని పక్కకి పిలిచి, చెవి దగ్గర. డబ్బిచ్చేవాడికి, నలుగురి ముందూ కాకుండా, కారణంతో సహా. ఇంతకంటే మంచి విమర్శ నేను ఏ సాహిత్య సభలోనూ వినలేదు. మా వాడు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

వచ్చేస్తూ సాయిబుగారి దగ్గర సెలవు తీసుకున్నాను. ఆయన కృష్ణగారి కళ్ళలో తెల్లచుక్కలు పెడుతున్నారు. కళ్ళు వెలిగాయి. ఆయన నెత్తిన టోపీ ఉన్న సంగతి ఆయనకే గుర్తు లేదు. ఆ రోజు నేను చూసిన టోపీలన్నిటిలోకీ బాగా నప్పింది అదే. అన్నట్టు, వెనక డోరు మీద ఏం రాయాలో నేను చెప్పకముందే ఆయన "హారన్ ప్లీజ్" అని రాసేశారు. చెప్పాలనుకున్నది ముందు వెళ్ళేవాడికి వినబడేలా చెప్పమనేగా దాని అర్థం. నేను ఇంతకంటే బాగా రాయలేను.

ఇంటికొచ్చి, "నాన్నా, ఆ టోపీ ఇంకా ఉందా?" అని అడిగాను.

"ఏ టోపీ?" అన్నాడు, తెలిసి కూడా.

వంటింట్లోంచి అమ్మ అంది. "ఉండకేం? అటక మీద వెల్లుల్లిపాయలు పోశానుగా దాంట్లో. గాలి తగులుద్ది, మొలకలు రావు."

స్టూలు వేసుకుని దించాను. యాభై ఏళ్ళు దాటిన టోపీ. రంగు పోయింది, అంచు మెత్తబడింది, అడుగున వెల్లుల్లి పొట్టు. శ్రీనాథుడు చూస్తే కుళ్ళాయినీ వెల్లుల్లినీ ఒకే చోట కలిపారని ఇంకో చాటువు చెప్పేవాడు. దులిపి నాన్న చేతికిచ్చాను. ఆయన కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా పెట్టుకున్నాడు. రెండు చెవుల మీదా పొట్టు రాలింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

నిజం చెప్పాలంటే టోపీ కళ్ళ మీదకి జారింది. అద్దం ఉంది గాని ఆయన అద్దం చూడలేదు, నన్నే చూస్తున్నాడు. నలుగురి ముందు కాదు, మా వంటింట్లో. నేను దగ్గరికి వెళ్ళి, రెండు వేళ్ళ మందాన వెనక్కి జరిపాను.

"ఇప్పుడు బాగుంది నాన్నా. కళ్ళు కనబడుతున్నాయి."